మొదటి పిడికిలి

పొద్దున ఎనిమిదింటికి వస్తానన్న మనిషి పదకొండైనా రాలేదు. వెంకటశేషమ్మ గట్టు మీద నిలబడి ఊరి వైపు దారి చూసి చూసి, మళ్ళీ వంగి గోనెపట్టా ఎత్తింది. కింద వడ్లు వెచ్చగా ఉన్నాయి. నిన్న చీకటి పడేటప్పటికి ముక్కు పగిలి తెల్లగా కనిపించిన మొలక ఇప్పుడు పొడుగు సాగుతోంది. పట్టా పూర్తిగా లాగేసి, గింజలను నీడలో పలచగా నెరిపి, అంటుకున్నవాటిని వేళ్ళతో మెల్లగా విడదీయసాగింది.

మొలక ఇంకా పెరిగితే ఒకదానికొకటి అల్లుకుంటుంది. అల్లుకున్న గింజ డ్రమ్ సీడర్ బెజ్జాల్లోంచి దిగదు. ఆ యంత్రం గట్టుకు ఆనించి ఉంది. ఇరుసుకు గుచ్చిన నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు, అటొక చక్రం, ఇటొక చక్రం, లాగడానికి ఒక పిడి, అంతే. డబ్బాల్లో మొలకెత్తిన వడ్లు పోసి బురదలో లాక్కుంటూ పోతే వెనక ఎనిమిది సాళ్ళుగా గింజ రాలుతుంది. నారు పోయక్కర్లేదు, నాట్లు వెయ్యక్కర్లేదు. ఎకరం వరిమడిని ఒక్క మనిషి ఒక పూటలో విత్తేయొచ్చు.

శేషమ్మది ఎకరం కయ్యే. నిన్ననే నీళ్ళు పెట్టి దమ్ము చేయించి, చదును చేసి, తెల్లవారగానే నీళ్ళు తీసేసింది. బురద మీద పలచని తడి మెరుస్తోంది. సముద్రంలో అల్పపీడనం ఉందని, రేపు రాత్రికి వాన పడుతుందని టీవీల్లో ఒకటే చెబుతున్నారు. విత్తిన గింజ బురదను పట్టుకోవాలంటే ఒక రోజైనా తెరిపి కావాలి. అంటే విత్తనం పడాల్సింది ఇవాళే. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, మొదటి పిడికిలి చల్లే చెయ్యి ఒక్కటే లేదు.

ఆ ఊళ్ళో అదొక ఆనవాయితీ. ఏ కయ్యలోనైనా మొదటి పిడికిలి విత్తనం ఆ ఇంటి మగవాడు తూర్పుకు తిరిగి చల్లాలి. మగవాడు ఊళ్ళో లేకపోతే పసుపు కుంకుమలున్న ఇల్లాలు చల్లొచ్చు. మొగుడు పోయిన ఆడది మాత్రం చల్లకూడదు. చల్లితే ఆ గింజ మొలవదని, మొలిచినా వెన్నులో గింజ పట్టక అంతా పొల్లు పోతుందని నమ్మకం. శేషమ్మ భర్త పెంచలయ్య కామెర్లతో పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచీ ఆ పిడికిలి ఆయన అన్న పద్మనాభయ్యది. ఇంతకీ విత్తనాన్ని మూటగట్టి నానేసిందీ, నీళ్ళు వంచిందీ, గోనెపట్టా కింద పడుకోబెట్టి పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నదీ శేషమ్మే. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నానెయ్యడానికి పనికొచ్చిన చెయ్యి చల్లడానికి మాత్రం పనికిరాదట! ఆనవాయితీల సంగతి ఎప్పుడూ ఇంతే. చాకిరీ దగ్గర చూసీ చూడనట్టు పోతాయి, హక్కు దగ్గరికి వచ్చేసరికి నిక్కచ్చిగా అడ్డం నిలబడతాయి.

ఆమె మరోసారి ఫోను చేసింది. అవతల మోగి మోగి ఆగిపోయింది.

చిల్లకూరు నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో ఒకప్పుడు కనుచూపు మేర వరే. ఇప్పుడు శేషమ్మ ఊళ్ళో మిగిలిన వరికయ్యలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. శేషమ్మ కయ్యకు మూడు పక్కలా రొయ్యల గుంటలే. పగలూ రాత్రీ వాటిలో గాలి తిప్పే చక్రాల మోత. పూర్వం కయ్యలో దిగితే పక్క గట్టు మీద ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. తాంబూలం అడిగేవాళ్ళు, వానను తిట్టేవాళ్ళు, వంగి వంగి నడుములు పట్టేస్తే ఏదో ఒక మాట అని నవ్వించేవాళ్ళు. ఇప్పుడు మాట్లాడదామంటే గుంటల కాపలా కుక్క తప్ప ఎవరూ లేరు. నాట్లు వేసే ఆడవాళ్ళంతా పొద్దున్నే వ్యానెక్కి రొయ్యలు ఒలిచే షెడ్డుకు వెళ్ళిపోతున్నారు. రోజుకు ఆరువందలు ఇస్తామన్నా ఒక్క కయ్య కోసం ఎవరు ఆగుతారు? పలకరించే మనిషి లేని చోట పని రెండింతలు బరువు. ఆ సంగతి శేషమ్మకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

గుంటల్లోంచి ఊరిన ఉప్పు వరసగా రెండేళ్ళు పైరును కాల్చేసింది. నాటిన వారానికే ఆకుల కొసలు మాడిపోయి కయ్యంతా నిప్పంటించినట్టు అయింది. అప్పుడు రైతు సేవా కేంద్రంలో పనిచేసే వినీల వచ్చి చూసింది. గుంటల వైపు గట్టు పొడుగునా లోతుగా ఒక బోదె తవ్వి, ఊరే నీటిని బయటికి మళ్ళించమంది. మన్ను పరీక్ష చేయించి జిప్సం వేయమంది. పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి, ఎదిగాక అక్కడే కలియదున్నమంది. ఉప్పును తట్టుకునే వరి విత్తనం ఒక మూట తెప్పించి ఇచ్చింది. కూలీలు దొరకనప్పుడు ఇదే దారి అని డ్రమ్ సీడర్ లాగడం నేర్పించింది. ఎండాకాలమంతా శేషమ్మ ఒక్కతే ఆ బోదె తవ్వింది. దారిన పోయేవాళ్ళు ఆగి, సమాధి తవ్వుకుంటున్నావా అని నవ్విపోయారు. జీలుగ నడుమెత్తు ఎదిగిన రోజు మాత్రం నవ్వలేదు.

అయినా ఊరు ఊరే. ఈ కారు పంట కూడా పండకపోతే కయ్యను గుంటలకు ఇచ్చేస్తానని ఆమె నలుగురిలో బావగారికి మాటిచ్చింది. వినీల ఇచ్చిన ఆ మూట తప్ప ఈ ఏడు మరో మూట విత్తనం రాదు. ఇవాళ విత్తనం పడకపోతే కయ్య లేదు.

ఇంక ఆగలేక ఆమె పద్మనాభయ్యను వెతుక్కుంటూ గుంటల దగ్గరికి నడిచింది. ఆయన ఇంజను పాక ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే ఫోను. తెరమీద ఆమె చేసిన కాల్స్ అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. ఆమె చూసింది, చూడనట్టు ఊరుకుంది.

"రాండి బావా. మొలక పొడుగు పెరిగిపోతుండాది."

"ఇయ్యాల మంగళవారం గదా శేషమ్మా. రేపు చూస్తాం."

"ఇయ్యాల బాగుండాదని మొన్న మీరే గదా అనింది? రేపు వానంట."

"టీవీ వోళ్ళు చెప్పిన వానలన్నీ పడినాయా?"

ఆమె కదల్లేదు. పద్మనాభయ్య గుంట నీళ్ళ వైపు చూపు తిప్పుకున్నాడు.

"పొద్దున నరేంద్రబాబు ఫోన్ చేసినాడు. గుంటలకు ఉప్పునీళ్ళు చాలడం లేదంట. ఉప్పుటేటి నుంచి కొత్తగా కాలవ తియ్యాల్నంట. గట్టు పొడుగునా నీ గెనిమెంబడి రెండు గజాలు అడుగుతుండాడు. అది కుదరకపోతే వచ్చే ఏడు నా గుంటలు గూడా వద్దంటుండాడు."

నరేంద్రబాబు గూడూరులో ఉంటాడు. ఆ చుట్టుపక్కల గుంటలన్నీ అతని కౌలువే.

"ఉప్పునీళ్ళ కాలవ నా గెనిమెంబడి పోతే నేనింక వరెట్టా పెట్టేది బావా?"

"నేను అడిగేదీ అదే. ఎందుకు పెట్టేది? ఎకరాకు ఏడాదికి యాభై వేలు, ఇంట్లో కూర్చోబెట్టి ఇస్తాడు. ఒక్కదానివి. ఎవురి కోసరం ఈ అగచాట్లు?"

పిల్లల్లేని ఆడదాన్ని ఆ మాట అడగడం ఎంత తేలిక! ఆయన కావాలని పొడవలేదు, నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. పొద్దున లేస్తే తనకోసం ఎదురుచూసేది ఆ కయ్య ఒక్కటే అని, అది తన కోసమేనని, తానూ ఒక మనిషినేనని ఎలా చెప్పాలో శేషమ్మకు తెలియలేదు.

"కాలవకు సరేనను. ఇప్పుడే చెప్పులిడిసి కయ్యలో దిగతా. నా తమ్ముడి కయ్య, నాకు మాత్రం పండాలని ఉండదా?"

పద్మనాభయ్య చెడ్డవాడు కాదు. తమ్ముడు పోయినప్పుడు పాడె మోసి, ఆ ఏడాదంతా ఆమె ఇంటికి బియ్యం పంపినవాడు. కానీ ఆయన ఆరెకరాలూ గుంటలైపోయాయి. వాటిలో ఇంక వరి మొలవదు. తెల్లమచ్చ తెగులు తగిలి రొయ్యలు చచ్చి తేలిన రోజు ఆయన ఇదే మంచం మీద అన్నం నీళ్ళు లేకుండా పడుకున్నాడు. కౌలుదారు కాదంటే ఆయన చేతిలో మిగిలేది ఉప్పునేల. భయపడిన మనిషికి ఎదుటివాళ్ళ గట్టు రెండు గజాలే కనిపిస్తుంది, దానవతల ఉన్న కయ్య కనిపించదు.

"ఆలోచించుకో అమ్మా. పొద్దుగూకిందాకా ఈడే ఉంటా," అన్నాడు ఆయన, మెత్తగానే.

ఆమె తిరిగి వచ్చేసింది. తెచ్చుకున్న సద్ది మూత కూడా తీయలేదు. రెండు గజాలేగా అనుకుంది. ఈ కారుకు గింజ పడితే చాలు, తర్వాత సంగతి తర్వాత అనుకుంది. ఎండాకాలమంతా తవ్విన బోదె వైపు చూసింది. కాలవ వస్తే ఆ బోదెలోకే ఉప్పునీళ్ళు పారతాయి. అయినా ఫోను తీసి చేతిలో పట్టుకుంది. సరే అని ఒక్క మాట అంటే అయిపోతుంది. అడగడానికి, చెప్పడానికి పక్కన ఇంకో మనిషి లేనప్పుడు ఓడిపోవడం చాలా సులువు.

ఆ సమయంలోనే షెడ్డు వ్యాను దారిలో ఆగింది. సరుకు రాలేదని సగం పూటకే దింపేశారు. దిగినవాళ్ళలోంచి ఏసుమణి గట్టు మీదుగా ఇటు వచ్చింది. ఆమె నాట్ల ముఠాకు పెద్ద. శేషమ్మ కంటే పదేళ్ళు పెద్దది, అయినా మాలపల్లె మనిషి కాబట్టి పేరు పెట్టి పిలవడమే ఊరి అలవాటు. శేషమ్మకూ ఆ అలవాటు తప్పుగా తోచలేదు ఎప్పుడూ.

"ఇంకా ఏసుకోలేదా?" అంటూ ఏసుమణి వంగి, గింజలను గుప్పిట్లోకి తీసుకుని చూసింది. "అయ్యో, మొలక ముదురుతుండాదే. ఇంకో పూట పెడితే ఇది చాప అల్లినట్టు అయిపోద్ది."

శేషమ్మ జరిగిందంతా చెప్పింది. చెప్పి, గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వెయ్యి ఏసుమణీ. ఆ మొదటి పిడికిలి నువ్వెయ్యి. మిగతాది నేను లాక్కుంటా."

ఏసుమణి నవ్వింది. "నా మొగుడు పోయి పదేళ్ళాయ. నీకు తెలీదా?"

"నీకేం? నువ్వు..." శేషమ్మ మాట మింగేసింది.

"చెప్పు, ఆగినావే? కూలిదాన్ని. కూలిదాని చేతికి ముండమోపితనం అంటదు, అంతేనా? ఈ ఆయకట్టులో నేను నాటని కయ్య లేదు. మొగుడుండంగా నాటినా, పోయినాక నాటినా. ఒక్క కయ్యన్నా ఎండిందా నా చెయ్యి తగిలి?"

"అందుకే గదా నిన్ను ఏయమనేది!"

"ఏయను," అంది ఏసుమణి. గింజలు జాగ్రత్తగా పట్టా మీద పోసి, చేతులు దులుపుకుంది. "కూలికి పిలువు, పొద్దుగూకిందాకా లాగతా. నీ బదులు మొదటి పిడికిలి మాత్రం ఏయను. రేపు ఏదన్నా జరిగితే ఊరు నన్నే పట్టుకుంటది. దాన్ని ఎవురు దిగమన్యారంటది. పండితే నీ పంట, ఎండితే నా చెయ్యా?"

శేషమ్మ తల ఎత్తలేకపోయింది. ఉదయం నుంచి తాను మోస్తున్నదాన్నే ఇంకొకరి నెత్తిన పెట్టబోయినందుకు ఆమెకు సిగ్గేసింది. బావగారి మీద వచ్చిన కోపంలో సగం ఇప్పుడు తన మీదికే మళ్ళింది.

"సరే, కూలికే ఉండు. నాతో పాటు లాగు," అంది చివరికి.

ఏసుమణి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది. అప్పుడే దారిలో వ్యాను హారను పెద్దగా మోగింది. సరుకు వచ్చిందట, అందరూ మళ్ళీ ఎక్కాలట. ఏసుమణి కయ్యను చూసింది, వ్యానును చూసింది.

"పోకపోతే రేపట్నించి ఎక్కించుకోడు శేషమ్మా. ఏమనుకోబాక," అని గట్టు వెంట పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. వ్యాను కదిలాక దారి మళ్ళీ ఖాళీగా మిగిలింది.

శేషమ్మ ఫోను సద్దిమూటలో పెట్టేసింది. డబ్బాల మూతలు తీసి, ఒక్కొక్కదాంట్లో కాస్త ఖాళీ వదిలి గింజలు నింపింది. యంత్రాన్ని బురదలోకి దించింది. పిడి పట్టుకున్నాక ఆమెకు విపరీతంగా భయం వేసింది. ఊరి నమ్మకం ఆమెది కూడా. చిన్నప్పుడు వాళ్ళమ్మ, మొగుడు పోయిన మేనత్తను విత్తనాల గాదె వైపు రానిచ్చేది కాదు. ఆ మేనత్త గడప అవతలే కూర్చుని చేటలో రాళ్ళు ఏరేది. శేషమ్మ ఆ రోజు అందులో తప్పేమీ చూడలేదు. రేపు ఈ గింజ మొలవకపోతే ఉప్పు వల్ల పోయిందో, తన చెయ్యి వల్ల పోయిందో తనకు ఎప్పటికీ తెలియదు. ఆ అనుమానంతో ఒక్కతే ఆ ఇంట్లో ఎలా బతకాలి?

అయినా లాగింది.

పిక్కల లోతు బురద. అడుగు తీసి అడుగు వేస్తే కాలు వెనక్కి రానంటుంది. యంత్రం బరువు లేదు కానీ బురద దాన్ని వదలదు. మొదటిసారి కయ్య చివరికి చేరి వెనక్కి తిరిగి చూస్తే, ఎనిమిది వరసల్లో బంగారు రంగు గింజలు గోరుతో పెట్టినట్టు కుదురుగా ఉన్నాయి. ఆమెకు తెలియకుండానే నవ్వు వచ్చింది. చూడమని చెప్పడానికి పక్కకు తిరిగింది, పక్కన ఎవరూ లేరు.

గట్టు దగ్గర యంత్రాన్ని ఎత్తి తిప్పడం, చక్రం నడిచిన జాడ మీదే మళ్ళీ చక్రం పెట్టి లాగడం, డబ్బాలు ఖాళీ అయితే నింపడం. సగం కయ్య బాగానే నడిచింది. ఆ తర్వాత ఆలస్యం తన ఫలితం చూపించింది. పట్టా అడుగున మిగిలిన గింజల మొలకలు అల్లుకుపోయి బెజ్జాలు పూడిపోయాయి. ఆమె గమనించేసరికి రెండు సాళ్ళలో చాలా దూరం గింజే రాలలేదు. ఆగి, పుల్లతో బెజ్జాలు పొడిచి, ముద్ద కట్టిన గింజలను విడదీసి, మళ్ళీ లాగింది. మళ్ళీ పూడాయి. పొద్దున్నే మొదలుపెట్టి ఉంటే ఇదేమీ జరిగేది కాదు. ఒక మగవాడి చేతి కోసం పూటంతా కాచుకున్నందుకు కయ్య మధ్యలో బోడి చారలు పడ్డాయి.

పొద్దు వాలుతుండగా తోటికోడలు కామాక్షి గట్టు మీద కనిపించింది. పద్మనాభయ్య భార్య. చేతిలో పెరుగన్నం గిన్నె.

"పొద్దుట్నించి ఏం తిన్యావో ఏమో. రా, రెండు ముద్దలు తిను," అంటూనే ఆమె కయ్యను చూసింది. సాళ్ళను చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏసేసినావా! ఆయన రాకుండానే?"

"రాలేదు గదక్కా."

కామాక్షి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పోనీలే. నువ్వేం భయపడబాక. మిషను గదా ఏసింది? నీ చెయ్యి తగల్లేదు. ఊళ్ళో ఎవురన్నా అడిగితే అట్నే చెప్తా, మీ బావకూ చెప్తా. ఆదివారం మా మనవడి పుట్టెంట్రుకలకు నువ్వు రావాల గదా. ఈ మాట పైకి పొక్కితే నిన్ను పిలిచేదానికి నాకు నోరుండదు."

ప్రేమతోనే అంది. ఆ ఊళ్ళో శేషమ్మను అన్నం తిన్నావా అని అడిగే మనిషి ఆమె ఒక్కతే. పండగకో పబ్బానికో వెనక వరసలో కూర్చోబెట్టినా పిలవడం మాత్రం మానలేదు. ఆ మాటకు ఊఁ అంటే చాలు. ఊరికి పాత ఆనవాయితీ దక్కుతుంది, శేషమ్మకు ఆదివారం పిలుపు దక్కుతుంది. వచ్చే ఏడు మళ్ళీ గట్టు మీద నిలబడి ఎవరి చేతి కోసమో దారి చూడొచ్చు.

బోడి చారల్లో గింజ పడాలంటే చేత్తో చల్లాల్సిందే. కామాక్షి వెళ్ళిపోయేదాకా ఆగితే చూసేవాళ్ళు లేరు. శేషమ్మ పట్టా మీద మిగిలిన గింజలన్నీ కొంగు ఒడిలోకి ఎత్తుకుంది. కయ్య మధ్యకు నడిచి, మొదటి ఖాళీ దగ్గర ఆగి, కామాక్షి వైపే తిరిగి నిలబడింది.

"చెప్పబాక అక్కా. మిషను కాదు ఏసింది. నా చెయ్యే."

ఒడిలోంచి పిడికెడు తీసి చల్లింది. గింజలు బురద మీద చిన్నగా చప్పుడు చేస్తూ పడ్డాయి.

కామాక్షి గిన్నెను గట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"అన్నం తిను. గిన్నె మాత్రం మా ఇంటికి తేబాక. ఈడే గెనిమ మీద పెట్టిపో, నేనెప్పుడో వచ్చి తీసుకుంటా."

ఆమె వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది. తూర్పున మబ్బు ముసురుకుంటోంది. రేపటి దాకా ఆగుతుందో, ఈ రాత్రికే కురుస్తుందో చెప్పేవాళ్ళు లేరు. శేషమ్మ ఒడిలో ఇంకా సగం గింజలున్నాయి. ఆమె రెండో ఖాళీ దగ్గరికి నడిచింది.